చూశాక భయపడదాం

పోయిన నెల మా తమ్ముడి కూతురు సైకిలు మీద నుంచి పడింది. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వాచిపోయి, వేళ్లు కదిపితే చాలు ఏడుస్తోంది. కోడూరులో కట్టు కట్టిన ఆయన ఎందుకైనా మంచిది ఎక్స్‌రే తీయించమన్నాడు. తమ్ముడు రొయ్యల చెరువుల దగ్గర మేత దింపించుకుంటున్నాడు. నాకు ఎలాగూ బందరులో పని ఉంది కాబట్టి పిల్లని కారులో ఎక్కించుకుని నేనే తీసుకెళ్లాను.

ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చున్నాం. పిల్లకి పన్నెండేళ్లు. కళ్ల ముందు ఏ అక్షరం కనపడినా పైకి చదివే అలవాటు. గోడ మీద మందుల కంపెనీ క్యాలెండరు చదివింది. చెప్పులు బయట విడవమన్న కాగితం చదివింది. తర్వాత తలుపు మీద ఎర్ర అక్షరాల బోర్డు చదివింది.

"గర్భిణీ స్త్రీలు ముందుగా తప్పక తెలియజేయవలెను."

తర్వాత, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినంత మామూలుగా అడిగింది.

"అమ్మ వద్దంది ఇదేనా పెదనాన్నా?"

"ఏది?"

"ఇదే. నాకేమన్నా అవుద్దేమోనని తీయించుకోనందంట కదా. నానమ్మ ఎప్పుడూ చెప్పుద్దిగా."

"ఇలాంటిదే" అన్నాను. "దీనికంటే కొంచెం పెద్దది."

"నేను కడుపులో లేకపోతే తీయించుకునేది. అప్పుడు బతికేది."

ఆ మాటలో ఏడుపు లేదు. లెక్క చేసి, జవాబు వచ్చాక కింద గీత గీసినట్టు చెప్పింది. లోపల నుంచి పేరు పిలిచారు. మంచి చేత్తో కట్టు చేతిని పట్టుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

ఆ పిల్లకి వచ్చిన జవాబు తప్పు. ఆ తప్పు లెక్క మొదట చెప్పింది నేను. అందుకే వాళ్లమ్మ గురించి రాస్తున్నాను. పేరు రాయను. మా ఊళ్లో ఆ పేరు ముందు ఇప్పుడు 'మహాతల్లి' అని తగిలించకుండా ఎవరూ పలకరు. అలా పలికినప్పుడు నాకు ఎవరో దేవత గుర్తొస్తుంది గానీ, మా ఇంట్లో తిరిగిన ఆ మనిషి గుర్తు రావడం లేదు.

ఆమెది గుడివాడ. వాళ్ల నాన్న బస్టాండుకి వెళ్లే రోడ్డులో డబ్బా కొట్టు పెట్టుకుని వాచీలు బాగుచేసేవాడు. కుడికంటికి చిన్న అద్దం బిగించుకుని, ఎడమకన్ను మూసుకుని పనిచేసేవాడు. ఆ కొట్టులో ఆడుకుంటూ పెరిగిన పిల్ల కాబట్టి కాబోలు, ఈమె కూడా దేన్నైనా దగ్గరగా చూడాలంటే ఎడమకన్ను మూసేది. తల కొంచెం కుడివైపు వంచేది. బియ్యంలో రాయి అయినా, చేప మొప్ప అయినా, మా అమ్మ కంట్లో పడ్డ నలక అయినా అదే తీరు. పెళ్లిచూపుల్లో మా తమ్ముణ్ణి కూడా అలాగే చూసింది. వెనక్కి వచ్చేటప్పుడు కారులో మా అమ్మ ఒకటే గొడవ.

"అందరి ముందూ అబ్బాయికి కన్ను కొట్టిందేంటే ఆ పిల్ల?"

"కన్ను కొట్టడం కాదత్తయ్యా, పరీక్ష చేసుకుంటోంది" అంది మా ఆవిడ. "మన సరుకు ఎలాంటిదో చూసుకోవద్దూ?"

మూత ఉన్నదేదీ ఆమె ముందు మూతతో ఉండేది కాదు. పొయ్యి మీద అన్నం గిన్నె మూత పదేపదే తీసి చూసేది.

"ఆవిరంతా పోతుందే. అన్నం ఎట్టా ఉడుకుద్ది?" అనేది మా అమ్మ.

"ఉడికిందో లేదో చూడకుండా ఎట్టా తెలుస్తుంది అత్తయ్యా?"

"వాసన చూసి తెలుసుకోవాలి."

"అదీ చూడ్డమేగా మరి!"

మా అమ్మకి నవ్వు ఆగేది కాదు. కోడలి మీద కోపం తెచ్చుకోవాలని కూర్చుని నవ్వుతూ లేచేది.

ఆమెకి ఒక మాట ఉండేది. 'ముందు చూద్దాం. చూశాక భయపడదాం.' ఇంట్లో ఏం జరిగినా ఆ మాటే. తుఫాను వస్తోందని టీవీలో చెబితే, దివిసీమలో పుట్టిన మాలాంటివాళ్లం టీవీ ముందు నుంచి కదలం. మా పెద్దల దగ్గర విన్న ఉప్పెన కథలన్నీ ఒక్కసారిగా గుండెల్లో లేస్తాయి. ఈమె డాబా ఎక్కి ఆకాశం చూసి వచ్చేది. "తూర్పున ఇంకా తేటగానే ఉంది బావగారూ. చూశాక భయపడదాం, ముందు బట్టలు తీసుకొద్దాం పట్టండి." ఇంటి పెద్దనని కూడా చూడకుండా నా చేతిలో బట్టల బుట్ట పెట్టేది.

నేను ఆమెకి పూర్తిగా ఎదురు. తెలియనంతకాలం ఏమీ లేదనుకుని హాయిగా ఉండే రకం. ఒంట్లో నలతగా ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లను. ఆమె నన్ను నేరుగా అనేది కాదు. బావగారిని కదా. మా ఆవిడతో, నాకు వినపడేలా అనేది.

"బావగారు షుగర్ టెస్టు ఎందుకు చేయించుకోరో తెలుసా అక్కయ్యా? చేయించుకుంటే షుగరు వస్తుందని."

మాకు కోడూరు దాటాక రొయ్యల చెరువులున్నాయి. పెళ్లయ్యేదాకా ఆమె రొయ్యని పులుసులో తప్ప చూడలేదు. వచ్చిన కొత్తలో సాయంత్రంపూట తమ్ముడి బండి మీద చెరువుల దగ్గరికి వచ్చేది. చెరువులోకి కొంతదూరం చెక్క బల్ల వేసి, దాని చివర తాడుకి చెక్ ట్రే కట్టి ఉంచుతాం. పళ్లెంలాంటి వలతట్ట అది. అందులో కాస్త మేత వేసి నీళ్లలోకి దింపి, కొంతసేపయ్యాక పైకి లాగితే రొయ్యలు ఎంత తిన్నాయో, ఎలా ఉన్నాయో తెలుస్తుంది. ఆ బల్ల ఊగుతుంది. మా ఇంటి ఆడవాళ్లెవరూ దాని మీద అడుగు పెట్టలేదు. ఈమె చీర కుచ్చిళ్లు దోపుకుని చివరిదాకా వెళ్లి కూర్చునేది.

ఆమెను తలుచుకోవాలంటే నేను ఆ బల్ల మీదే తలుచుకుంటాను. ట్రే లాగి, ఒక రొయ్యని రెండువేళ్లతో పట్టుకుని, వాలుతున్న సూర్యుడికి ఎదురుగా ఎత్తేది. బతికున్న రొయ్య గాజులా ఉంటుంది. వెలుతురుకి పెడితే లోపల పేగు నల్లదారంలా కనపడుతుంది. దారం నిండుగా ఉంటే తింటున్నట్టు, తెగితెగి ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. ఆమె ఎడమకన్ను మూసి, తల వంచి, ఊపిరి బిగబట్టి చూసేది. చూసి మెల్లగా నీళ్లలోకి వదిలేది.

"ఎంత మంచి ప్రాణులండీ ఇవి" అంది ఒకసారి. "కడుపులో ఏముందో దాచుకోవు. మనం కూడా ఇలా ఉంటే డాక్టర్లకి పనుండేది కాదు."

ఆమె ఎప్పుడూ చూసి గెలిచిందని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఒకసారి దెబ్బతింది. ఆ సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

అమావాస్యకి, పౌర్ణమికి అటూఇటుగా రొయ్యలు పాత పెంకు వదిలి కొత్త పెంకు తొడుక్కుంటాయి. ఆ రెండు మూడు రోజులూ ఒళ్లంతా మెత్తగా, ముట్టుకుంటే నలిగిపోయేలా ఉంటాయి. ఆ రోజుల్లో మేం వల వేయం, మందు కొట్టం, చెరువుని కదపం. ఆ ఏడాది ఒక చెరువులో మేత మిగిలిపోతోందని ఆమెకి అనుమానం వచ్చింది. సరిగ్గా అమావాస్య ముందు రోజు. విసురు వల వేయించి చూద్దామని తమ్ముణ్ణి పోరి ఒప్పించింది. వల వేశారు, చూశారు, జబ్బేమీ లేదు. పెంకు వదిలే ముందు మేత తగ్గించాయి, అంతే. కానీ ఆ కదలికకి బెదిరిపోయి మర్నాడు గట్ల వెంబడి మెత్తటి రొయ్యలు చచ్చి తేలాయి.

మొత్తం పంట పోలేదు. అయినా నేను గట్టు మీద, పనివాళ్లు వింటుండగా అన్నాను. "చూడాలి చూడాలి అన్నావుగా అమ్మాయ్. చూశావా?"

ఆమె వంగి చచ్చిన రొయ్యల్ని చేత్తో ఏరి బుట్టలో వేసింది. తర్వాత చాలా రోజులు చెరువుల వైపు రాలేదు. ఆమెని ఒక మాటతో ఆపొచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

పెళ్లయిన నాలుగో ఏట ఆమె కడుపుతో ఉంది. బందరులో ఒక లేడీ డాక్టరు దగ్గర చూపిస్తున్నాం. బిడ్డ స్కానింగు తీసిన రోజున ఇంటికొచ్చి, ఆ నల్లటి కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి కన్ను మూసి చూసి, మా ఆవిణ్ణి పిలిచి చూపించింది. "ఇదిగో అక్కయ్యా ముక్కు. మీ మరిది ముక్కే. ఏం చేస్తాం, సర్దుకుపోవాలి."

ఎనిమిదో నెలలో ఆమెకి ఆయాసం మొదలైంది. గుమ్మం ఎక్కితే చాలు నిలబడిపోయేది. కుడికాలు పిక్క దగ్గర కొంచెం వాచింది. కడుపు బరువుకి అందరికీ వచ్చేదేనంది మా అమ్మ.

"ఇది బరువు కాదత్తయ్యా" అందామె. "గాలి పీలిస్తే ఇక్కడ ఎవరో సూది గుచ్చినట్టుంటోంది."

బందరు తీసుకెళ్లాం. తమ్ముడు, నేను, ఆమె. డాక్టరమ్మ పరీక్ష చేసి, కాలికి మామూలు స్కానింగు తీసింది. బిడ్డకి తీసే మిషనే. కాలిలో ఏమీ కనపడలేదు. మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమోనని నా అనుమానం అండీ. కాలిలో కనపడనంత మాత్రాన లేదని కాదు. ఛాతీకి సి.టి. తీయాలి. ఈ రోజే."

"దాంట్లో రేడియేషన్ ఉంటుంది కదండీ" అన్నాను. ఆ మాట నాకు తెలిసినందుకు కొంచెం గర్వంగానే అన్నాను.

"ఉంటుందండీ. కానీ తీసేది ఛాతీకి, పొట్టకి కాదు. బిడ్డ దాకా చేరేది చాలా కొంచెం. దానివల్ల బిడ్డ అవకరంతో పుడుతుందని, బుద్ధి మందగిస్తుందని భయపడేంత కాదు. అసలు ఏమీ ఉండదని ఒట్టేసి చెప్పను. ఎప్పుడో పెద్దయ్యాక జబ్బు చేసే అవకాశం రవ్వంత పెరగొచ్చు. తల్లి రొమ్ములకి కూడా కొంత పడుతుంది. ఇవన్నీ తక్కెడలో ఒక తట్టలో వేయండి."

డాక్టరమ్మ రెండో చెయ్యి చాపింది.

"రెండో తట్టలో ఈ అమ్మాయి ప్రాణం ఉంది. ఈమె ఊపిరి ఆగితే బిడ్డది కూడా ఆగుతుంది. మీరు ఒక తట్టే చూస్తున్నారండీ."

అప్పుడు ఆమె మాట్లాడింది. ఆయాసంతో మధ్యలో ఆగుతూ, కానీ స్పష్టంగా. పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాటలివి. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"తీయించండి బావగారూ. లోపల ఏముందో చూస్తేగా తెలిసేది. చూశాక భయపడదాం."

తమ్ముడు నా వైపు చూశాడు. మా ఇంట్లో చెరువులోకి రొయ్యపిల్ల ఎప్పుడు వదలాలన్నా, పంట ఎప్పుడు పట్టాలన్నా నేను చెప్పిందే. ఆసుపత్రికి వచ్చినా ఆ అలవాటు మాతోనే వచ్చింది. నాకు బయట ఎక్స్‌రే గది తలుపు మీద చూసిన ఎర్ర అక్షరాల బోర్డు గుర్తొచ్చింది. దాన్ని పూర్తిగా చదవలేదు. గర్భిణీ అన్న మాట, ఎర్ర రంగు, అంతే చూశాను. లోపల పెంకు లేని మెత్తటి బిడ్డ ఉంది. కదపకూడదు. నాకు తెలిసిన శాస్త్రమంతా అదే.

"అమ్మాయ్" అన్నాను. "మెత్తగా ఉన్నప్పుడు చెరువు కదపం. నీకు తెలియంది కాదు. ఆ అమావాస్య మర్చిపోయావా?"

ఆమె నా వైపు చూసింది. రెండు కళ్లూ తెరిచి. ఆమె నన్ను అలా చూడడం అదే మొదలు. తర్వాత చీర కొంగు వేళ్లకి చుట్టుకుంటూ తల దించుకుంది.

డాక్టరమ్మకి చెరువేంటో అమావాస్యేంటో అర్థం కాలేదు. అయినా వదల్లేదు. "సరే, తీయొద్దంటే మానండి. ఈ పూటకి ఇక్కడ ఉంచండి. అనుమానం మీదే గడ్డకి ఇంజెక్షన్లు మొదలుపెడతాను. బిడ్డ దాకా పోని మందే."

"గడ్డ ఉందో లేదో తెలియకుండా సూదులు ఎందుకండీ?" అన్నాను.

తెలుసుకునే దారి నేనే మూసి, తెలియదు కదా అన్నాను. కాన్పు అయ్యాక తీయిస్తామని చెప్పి ఆమెని ఇంటికి తీసుకొచ్చేశాం.

తర్వాత కొన్నాళ్లు ఆయాసం కొంచెం నెమ్మదించింది. "చూశావా, తగ్గింది" అన్నాను ఒకరోజు కాఫీ తాగుతూ. ఆమె అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. "తగ్గిందో, దాక్కుందో" అంది. నవ్వలేదు.

ఎనిమిదో నెల సరినెల కాబట్టి పుట్టింటికి పంపకూడదని మా అమ్మ పట్టు. తొమ్మిది రాగానే మంచిరోజు చూసి గుడివాడ బయల్దేరాం. నేను బండి నడుపుతున్నాను. పక్కన తమ్ముడు. వెనక ఆమె, మా ఆవిడ. పామర్రు సెంటర్లో జామకాయల బండి కనపడితే ఆపమంది. కిటికీలోంచి ఒక కాయ అందుకుని, తిప్పితిప్పి, ఎడమకన్ను మూసి చూసింది.

"పురుగుందా?" అని మా ఆవిడ నవ్వింది.

"లేదక్కయ్యా. బాగుంది." కాయని ఒళ్లో పెట్టుకుని, నా వీపు వైపు చూస్తూ అంది. "బావగారూ, గుడివాడలో కూడా ఆ మిషన్ ఉందంట. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. రేపు పొద్దున్నే వెళ్తాం. మీరేమీ అనుకోకండి."

బండి ముందుకి పోనిచ్చాను. పామర్రు దాటి గుడివాడ రోడ్డెక్కాక, రెండు పక్కలా పచ్చటి వరి. అద్దం దించమని అడిగింది. దించాం. ఇంకొంచెం దించమంది. అప్పటికే పూర్తిగా దిగి ఉంది. మా ఆవిడ పెద్దగా అరిచింది. జామకాయ దొర్లుకుంటూ వచ్చి నా సీటు కింద కాలికి తగిలింది.

గుడివాడ ఆసుపత్రిలో కడుపు కోసి బిడ్డని తీశారు. బిడ్డ ఏడ్చింది. ఆమె కళ్లు తెరవలేదు. ఊపిరితిత్తుల్లో గడ్డే అయి ఉంటుందని అక్కడి డాక్టర్లు చెప్పారు.

వాళ్ల నాన్న కొట్టు తెరిచి ఉంచే పరుగెత్తుకొచ్చాడు. వరండాలో నా ఎదురుగా నిలబడ్డాడు. అద్దం ఇంకా నుదుటి మీదే ఉంది.

"బందరులో ఏదో తీయాలన్నారంట కదండీ?" అన్నాడు.

నేను ఆలోచించలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"మేం చెప్పామండీ. తనే వద్దంది. బిడ్డకి ఏమన్నా అవుతుందేమోనని తీయించుకోనంది."

"మా అమ్మాయి వద్దందా అండీ?"

ఆ ఒక్క ప్రశ్న అడిగి, నా మొహం వైపు చూశాడు. ఆయనకి తెలుసు. కూతురు ఫోన్ చేసి తీయిద్దామని చెప్పింది ఆయనకే. మూత తీయకుండా ఏ వాచీకీ జబ్బు చెప్పని మనిషి, నా లోపల ఏముందో అక్కడే చూశాడు. చూసి కూడా ఏమీ అనలేదు. నుదుటి మీది అద్దం తీసి జేబులో వేసుకుని, బిడ్డని ఉంచిన గది ఎటని అడిగాడు. మనవరాలు మా ఇంట్లో పెరగాలి కదా. ఉన్నన్నాళ్లూ నెలకోసారి పిల్లని చూడడానికి వచ్చేవాడు, నన్ను 'అండీ' అనే పిలిచేవాడు. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. ఆయనా పోయాడు.

తమ్ముడు ఆ వరండాలోనే ఉన్నాడు. అంతకుముందు బందరులో డాక్టరు గదిలోనూ ఉన్నాడు. ఆ రోజు నా మాట కాదనలేకపోయినవాడు ఈ మాటనీ కాదనలేదు. వాడికీ ఆ అబద్ధంలో కొంచెం నీడ దొరికింది. పెద్దకర్మ నాటికి చుట్టాలందరూ అదే చెప్పుకున్నారు. మా అమ్మ నమ్మేసింది. పాపం, ఆమెకి తెలియదు. పిల్ల ప్రతి పుట్టినరోజుకీ ఫొటో ముందు నిలబెట్టి, "నీకోసం ప్రాణమిచ్చిందమ్మా" అని చెబుతుంది. పిల్ల దండం పెట్టుకుంటుంది. చాక్లెట్లు పంచేటప్పుడు కూడా దాని మొహంలో ఏదో బాకీ ఉన్నట్టు ఉండేది. అది సిగ్గనుకున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. రెండేళ్ల కిందట మా వీధిలో కడుపుతో ఉన్న ఒక అమ్మాయి విడవని దగ్గుతో బాధపడుతుంటే, ఛాతీకి ఎక్స్‌రే తీయాలన్నారు. తీయించుకోనంది. "ఆ మహాతల్లి ప్రాణం పోతున్నా వద్దనుకుంది, నాకు దగ్గేగా" అంది. మా గుమ్మం ముందే నిలబడి అంది. నేను విన్నాను. అవసరమైతే తీయించుకోమ్మా, డాక్టరు ఆలోచించే చెబుతారు అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ అమ్మాయికి అదృష్టం బాగుండి నెమ్మదించింది. కానీ బతకడానికి చూడాలన్న మనిషిని అడ్డం పెట్టుకుని, మా ఊరి ఆడపిల్లలు చూడొద్దంటున్నారు.

ఇవన్నీ ఆ ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చున్న కాసేపట్లో నాకు గుర్తొచ్చాయి. తలుపు తెరుచుకుంది. పిల్ల బయటికొచ్చింది.

"నొప్పేం లేదు పెదనాన్నా. ఊపిరి కూడా బిగబట్టమనలేదు."

ఎముకకి సన్నటి పగులు. కట్టు వేసి, కొన్నాళ్లు కదపొద్దన్నారు. తిరుగుదారిలో చల్లపల్లి దాటాక బండి రోడ్డు పక్కన ఆపాను. స్టీరింగు మీద చేతులుంచే చెప్పాను. డాక్టరమ్మ తక్కెడ గురించి చెప్పింది, వాళ్లమ్మ అన్న మాట, ఎర్ర అక్షరాల బోర్డు తలుచుకుని నేనన్న మాట, పామర్రులో జామకాయ, గుడివాడ వరండాలో నా అబద్ధం.

"బోర్డు మీద తెలియజేయాలనేగా ఉంది" అంది చివరికి. "రావొద్దని లేదుగా."

"లేదు."

"మీరు చదవలేదా?"

"లేదమ్మా."

లారీలు రెండు మూడు పోయాయి.

"అయితే అమ్మ నన్ను చూసుకోకుండా పోదామనుకోలేదు."

"లేదు. నిన్ను చూడాలనే అనుకుంది. నువ్వు కడుపులో ఉండగానే నీ ముక్కు చూసి నవ్వింది. మర్నాడు పొద్దున్నే ఆ స్కానింగు తీయించుకోవాలని వాళ్ల నాన్నకి చెప్పి మరీ బయల్దేరింది. నీ వల్ల కాదు. నా వల్ల."

అప్పుడు ఏడ్చింది. ఫొటో ముందు దండం పెట్టేటప్పుడు ఎప్పుడూ ఏడవని పిల్ల, తల్లి నిన్ననే పోయినట్టు ఏడ్చింది. తల నిమరబోతే పక్కకి జరిగింది. నాకు అంతే కావాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చాలాసేపటికి గౌను అంచుతో మొహం తుడుచుకుని, "నానమ్మకి కూడా మీరే చెప్పాలి. ఇంటికెళ్లగానే" అంది.

"చెప్తాను."

పులిగడ్డ వారధి మీదికి వచ్చేసరికి కృష్ణ మీద పొద్దు వాలుతోంది. పిల్ల ఒళ్లో ఉన్న కవరులోంచి ఎక్స్‌రే బయటికి లాగింది. మంచి చేత్తో దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, ఎడమకన్ను మూసి, తల కుడివైపు వంచి చూసింది. ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన మనిషి లేదు.

"ఎక్కడ పెదనాన్నా పగిలింది?"

బండి ఆపాను. వెనక హారన్లు మోగాయి. ఎప్పుడూ చూడకుండా తప్పుకున్నవాణ్ణి, ఆ నల్లటి కాగితంలోకి, ఆ పిల్ల ఎముకల్లోకి చూశాను.

"ఇదిగో" అన్నాను. "ఇక్కడ."